ఊరికే వచ్చే మైళ్లు

చివరి రేకు పళ్లేన్ని గీకి రెఫూహియో దాన్ని గోడకి ఆనించింది. నలభై మూడోది. మాడిన చక్కెర గోళ్ల సందుల్లో ఇరుక్కుపోయింది. వేడినీళ్ల కుళాయి కింద చేతులు పెట్టి బొటనవేలి గోటితో ఒక్కొక్క గోరే శుభ్రం చేసుకుంది. టూసాన్ ఊరి దక్షిణపు పేటలో ఉన్న ఆ బేకరీలో పదహారేళ్లుగా ఆమె పని అదే. పిండి కలిపేవాళ్లు వేరు, ఓవెన్ దగ్గర నిలబడేవాళ్లు వేరు, నవ్వుతూ అమ్మేవాళ్లు వేరు. అందరి పనీ అయ్యాక మిగిలే జిడ్డూ మాడూ ఆమెవి. యాభై తొమ్మిదేళ్ల మనిషి, పొట్టి, భుజాలు ముందుకి వంగిపోయాయి. ముంజేతుల మీద, మణికట్టు నుంచి మోచేయి దాకా, వేడి రేకులు తగిలి కాలిన గీతలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. పూర్తి పేరు జీతం చెక్కు మీద తప్ప ఎక్కడా వినబడదు. అందరికీ ఆమె కూకా.

ఆ శనివారం ఆమె కారు బేకరీ వెనక నిలబడి ఉంది. అది చూసే యెసీనియా పొద్దున్న ఆరింటికే మొదలుపెట్టింది.

"పిన్నీ, కారు బయటికి తీశావా? మే నెలలో మనకి వాన పడేలా ఉందే."

యెసీనియా కేకుల మీద మీగడ పూసే పిల్ల. ఇరవై ఆరేళ్లు, ఇంట్లో ఎనిమిది నెలల బిడ్డ. గంటకోసారి తల్లికి ఫోన్ చేసి బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉందా అని అడుగుతుంది. లేదు అని చెప్తే నిజమేనా అని మళ్లీ అడుగుతుంది. ఇప్పుడు ఆమె ముందున్నది వేరే బిడ్డ కోసం చేస్తున్న కేకు. సాఫర్డ్‌లో తన మేనత్త కూతురి బిడ్డకి ఆ రోజు పదిన్నరకి బాప్తిస్మం. మూడు రకాల పాలలో నానబెట్టిన మెత్తటి కేకు, పైన తెల్లటి మీగడ. కదిలితే వణుకుతుంది, వేడి తగిలితే జారిపోతుంది. నూట పాతిక మైళ్లు దాన్ని జాగ్రత్తగా మోసుకెళ్లే మనిషి కావాలి. నెమ్మదిగా నడిపే మనిషి అంటే కూకాయే.

ఆరున్నరకి కూకా జేబులో ఫోన్ మోగింది. చేతుల నిండా సబ్బునురుగు. యెసీనియా ఫోన్ తీసి ఆమె చెవికి ఆనించి పట్టుకుంది.

గ్లోబ్ నుంచి అక్క. యులాలియా, ఇంట్లో అందరికీ లాలా. డెబ్భై రెండేళ్లు.

"బయల్దేరావా?"

"ఇంకా పిండి గిన్నెలున్నాయక్కా. ఏడింటికి."

"ముందు ఇటే రా."

కూకా నచ్చజెప్పింది. ముందు తూర్పువైపు సాఫర్డ్ వెళ్లి కేకు ఇచ్చేస్తే, అట్నుంచి అటే గ్లోబ్ వచ్చేయచ్చు. ఒంటిగంట లోపు గుమ్మంలో ఉంటుంది. ఇక సాయంత్రం దాకా లేవక్కర్లేదు. లాలా మాత్రం, కేకుని నా ఫ్రిజ్‌లో పెట్టి ఓ గంట కూర్చో, తర్వాత సాఫర్డ్ పో, భోజనాల వేళకి అందుతుంది కదా అంది. గంట కూర్చుని గడియారం చూస్తూ లేచిపోవడం ఏం బాగుంటుందక్కా, అంది కూకా. నిజంగానే అంది. ఆ మాటలో పిసినారితనం ఏమీ లేదు.



"సరేలే," అంది లాలా. "నాకన్నా కేకే తొందరగా కరుగుతుంది."

కూకా నవ్వింది. ఫోన్ పట్టుకున్న యెసీనియా కూడా నవ్వింది. తర్వాత లాలా, ఏదో కూరగాయల ధర చెప్తున్నట్టుగా, పొద్దుట్నుంచి ఎడంచెయ్యి బరువుగా ఉందని, చేతిలో గ్లాసు జారి పగిలిందని చెప్పింది.

"ఆ చెయ్యి మీద పడుకునుంటావు."

"అంతేనేమో. జాగ్రత్తగా నడుపు, చెల్లీ."

యెసీనియా ఫోన్ జేబులో వేసి, ముందు అక్కడికే వెళ్లకపోయావా పిన్నీ అంది. అని మళ్లీ తనే కేకు వంక చూసి ఊరుకుంది.

కేకు లేకపోతే ఆ రోజు కూకా అసలు బయల్దేరేదే కాదు. అందుకు కారణం ఆమె కారులో ఉంది. స్టీరింగ్ కింద, మోకాలికి తగిలేంత దగ్గర్లో, అగ్గిపెట్టెకి రెండింతలుండే నల్లపెట్టె. దానికో పచ్చదీపం. మూడేళ్ల కిందట దాన్ని తగిలించుకుంది.

అంతకుముందు రెండేళ్లు కారు కదిలినా కదలకపోయినా ఇన్సూరెన్స్ ఒకేలా కట్టింది. కారు రమీరోది, ఆమె మొగుడిది. అతను బతికున్నప్పుడు ఆమె పక్క సీటు మనిషి. పిల్లలు పుట్టలేదు. వెనక సీటు ఎప్పుడూ కొత్తగానే ఉండేది. ఎప్పుడో నలభై ఆరో ఏట నేర్చుకుని వదిలేసిన డ్రైవింగు అతను పోయాక మళ్లీ మొదలుపెట్టింది. బేకరీకి, చర్చికి, అంగడికి, నెలకో ఆదివారం గ్లోబ్‌కి, అంతే. రోజంతా చెట్టు నీడన నిలబడే కారుకి, ఊళ్లు పట్టుకు తిరిగే కారుకి ఒకే డబ్బేమిటి పిన్నీ అని యెసీనియాయే ఈ మైలు లెక్క ఇన్సూరెన్స్ సంగతి చెప్పింది. నెలకి ఇంత అని కొద్దిగా, ఆ పైన తిరిగిన మైలుకి ఆరు సెంట్లు. పెట్టె లెక్కపెడుతుంది.

మొదటి నెల బిల్లు చూసి కూకా నమ్మలేదు. సగానికి సగం తగ్గింది. రెండో నెల ఇంకొంచెం తగ్గించాలని బేకరీకి నడిచి రావడం మొదలుపెట్టింది. మైలున్నర. తర్వాత అంగడికీ నడక. చర్చికి ఎదురింటివాళ్ల కారు. ఏడాది చివర కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, నూటికి తొంభై నాలుగు మందికన్నా మీరు తక్కువ తిరిగారు, అభినందనలు అని. పుట్టి బుద్ధెరిగాక ఆమెకి ఎవరైనా కాగితం మీద అభినందనలు రాయడం అదే మొదలు. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది. ఫోన్‌లో ఆ సంగతి చెప్తే లాలా ఏమందంటే, జైల్లో ఉన్నవాళ్లు ఇంకా తక్కువ తిరుగుతారే, వాళ్లకి బంగారు పతకం ఇవ్వాలి.

ఆ పెట్టెకి ఇంకో గుణం ఉంది. ఒకే రోజులో రెండువందల యాభై మైళ్లు దాటితే ఆ పైన ఎంత తిరిగినా లెక్క వెయ్యదు. అర్ధరాత్రి దాకా ఊరికే. ఈ సంగతి తెలిసిననాటి నుంచి కూకా మనసులో ఒక కొత్త కొలత పుట్టింది. గ్లోబ్‌కి వెళ్లి రావడం రెండువందల పది మైళ్లు. అంటే నలభై తక్కువ. ఇంకో నలభై వెళ్తే ఆ తర్వాతవన్నీ ఊరికే వచ్చేవి, వెళ్లకపోతే అవి నేలపాలు. సంచీ నిండకుండా అంగడి నుంచి వచ్చినట్టు, పొయ్యి మీద ఒక్క రొట్టె కోసం పెనం వేడి చేసినట్టు అనిపించేది. రోజు నిండాలి, అనుకునేది. గ్లోబ్‌తో పాటు ఇంకేదైనా పని కలవాలి. కలిసేదాకా ఆగేది. డబ్బు ఎంతో కాదు, ఆమెకీ తెలుసు. రెండు కాఫీల ఖరీదు. అయినా ఆ నలభై మైళ్లు ఆమె కాలికి అడ్డం పడేవి.

నెలకో ఆదివారం కాస్తా మొదటి ఏడాది అయిదు ఆదివారాలయ్యాయి. రెండో ఏడాది మూడు. పోయిన ఏడాది ఒక్కటి, ఆగస్టులో లాలా పుట్టినరోజుకి. క్రిస్మస్‌కి యెసీనియా సరదాగా కూకా ఫోన్ తీసి, ఏడాదంతా కారు తిరిగిన దారులు పటం మీద చూపించింది. ఇల్లు, పెట్రోలు బంకు, మందుల దుకాణం, అన్నీ నీలం గీతలు ఒకదాని మీద ఒకటి పడి సిరాచుక్కలా ముద్దకట్టాయి. ఆ చుక్క నుంచి ఉత్తరానికి సన్నటి తోక ఒక్కటి. కప్పపిల్లలా ఉంది పిన్నీ నీ ఏడాది, అంది యెసీనియా. కూకా కూడా నవ్వింది. ఇంటికెళ్లాక ఆ పటం మళ్లీ తెరిచి చాలాసేపు చూసింది.

ఈస్టర్ దాటాక లాలా మూడుసార్లు రమ్మంది. మొదటిసారి నిమ్మకాయలు కోయాలని. రెండోసారి పైకప్పు కారుతోంది చూద్దువుగాని అని. రెండుసార్లూ కూకా, రోజు నిండనీ అక్కా, ఏదైనా పని కలవగానే వస్తా అంది. నెలలు నిండితే కాన్పు ఆగదు గానీ రోజు నిండకపోతే నువ్వు కదలవు, అంది లాలా. మూడోసారి ఏ సాకూ చెప్పలేదు.

"పనేం లేదు. ఊరికే రా. ఊరికే కూర్చుందాం."

ఆ మాట కూకాకి గుచ్చుకుంది. లాలా ఊరికే పిలిచే మనిషి కాదు. ఆ వారమే యెసీనియా కేకు సంగతి చెప్పేసరికి, దేవుడే పంపాడనుకుంది. టూసాన్ నుంచి సాఫర్డ్, సాఫర్డ్ నుంచి గ్లోబ్, గ్లోబ్ నుంచి ఇల్లు. చుట్టు తిరిగితే మూడువందలు దాటుతుంది. రోజు నిండి పొర్లుతుంది.

ఏడుంబావుకి కేకు ఎక్కింది. పక్క సీటులో ఐసు పరిచిన అట్టపెట్టె, దాని చుట్టూ రెండు తువ్వాళ్లు, పైన సీటుబెల్టు. యెసీనియా కిటికీలోంచి వంగి, బిడ్డని కూర్చోబెట్టినట్టు బెల్టు రెండుసార్లు లాగి చూసింది. సందు చివర సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఎడమకి తిరిగితే ఉత్తరపు రోడ్డు, నేరుగా గ్లోబ్. కుడికి తిరిగితే తూర్పు పోయే పెద్దరోడ్డు. కూకా ఒక్క క్షణం చూసింది. అక్క అన్న ఆ సరేలే మళ్లీ వినబడింది. ఏ చివర నుంచి మొదలుపెట్టినా నల్లపెట్టెకి ఒకటే, దానికి ముందూ వెనకా తెలియదు, మొత్తమే తెలుసు. ఇలా అనుకుని కుడికి తిరిగింది.

ఎడారి మీద ఎండ ఇంకా పలచగానే ఉంది. కూకా అరవై దాటనివ్వలేదు. లారీలు ఒక్కొక్కటే హారన్ కొట్టి దాటిపోతున్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి చాచి కేకు పెట్టెని పట్టుకుంటోంది, పసివాడి రొమ్ము మీద చెయ్యి వేసినట్టు.

లాలా చెయ్యి అలాగే ఉండేది. తల్లి పోయేనాటికి కూకాకి రెండేళ్లు, లాలాకి పదిహేను. తండ్రి రాగి గనిలో పనికి పోయేవాడు. లాలా బడి మానేసింది. ఎవరూ మానమనలేదు, మానొద్దనీ అనలేదు. పెళ్లి కూడా అలాగే జరగకుండా పోయింది. కూకాకి అయిదో ఏట జ్వరం వచ్చి కళ్లు తేలేసినప్పుడు, గని ఆసుపత్రికి కొండ దిగి మళ్లీ ఎక్కి లాలా ఆమెని వీపున మోసుకుపోయిందట. వెళ్లేటప్పుడు రెండు మైళ్లు, వచ్చేటప్పుడు రెండు. మూడు రోజులు, రోజూ. కూకాకి జ్వరం గుర్తు లేదు. చెంపకి తగులుతున్న అక్క మెడ చెమట మాత్రం గుర్తుంది. పెద్దయ్యాక ఎప్పుడైనా ఆ మాటెత్తితే, నువ్వప్పుడు బెండులా ఉండేదానివిలే, ఇప్పుడైతే దారిలోనే దింపేద్దును అనేది లాలా.

ఈ రోజు చెప్పాలి అనుకుంది కూకా. ఏం చెప్పాలో తెలియలేదు. పెట్టె తీసేస్తానని చెప్పాలా? లేదు, ఉంచుకుని కూడా రావచ్చుగా. నెలకో ఆదివారం వస్తానని చెప్తుంది. నిండినా నిండకపోయినా. అలా అనుకోగానే గుండె తేలికపడింది, అప్పటికే వెళ్లి చెప్పేసినంతగా.

సాఫర్డ్ చేరేసరికి తొమ్మిదీ నలభై. కేకు మీద ఒక్క పువ్వు కూడా చెదరలేదు. ఇంటినిండా జనం. పసిదాని తల్లి, యెసీనియా వాళ్ల మేనత్త కూతురు, కూకాని కావలించుకుని కూర్చోమంది. బాప్తిస్మానికి ఉండమంది, భోంచేసి వెళ్లమంది. కూకా అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. మా అక్క చూస్తుంటుంది అంది. చివరికి తెల్లగౌను తొడిగిన పిల్లని ఆమె చేతుల్లో పెట్టారు. పిల్ల ఆమె ముంజేతి మీది కాలిన గీతల్ని వేలితో తడిమింది. దింపబోతే మెడ పట్టుకుని వదల్లేదు. అక్కడ ఓ ఇరవై నిమిషాలు పోయాయి. తర్వాత పెట్రోలు బంకు దగ్గర వరసలో నిలబడింది. బంకు పక్క దుకాణంలో లాలాకి ఇష్టమని పుచ్చకాయ ఒకటి, రెండు వేళ్లతో కొట్టి చూసి తీసుకుంది.

అక్కణ్నుంచి పడమరకి డెబ్భై ఏడు మైళ్లు. దారంతా సాన్ కార్లోస్ అపాచీ ఆదివాసుల భూమి, ఎర్రమట్టి కొండలు, అక్కడొకటి ఇక్కడొకటి ఆవు. ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. కేకు దిగిపోయింది కాబట్టి కూకా కాస్త వేగంగానే నడిపింది. కిటికీ దించింది. ఎన్నాళ్లకో కారు నడపడం బాగుందనిపించింది.

గ్లోబ్ మొదట్లో, గని మట్టిదిబ్బలు కనబడుతుండగా, ఫోన్ వరసగా మోగసాగింది. మోగనిచ్చింది. అక్కే అయివుంటుంది, ఎక్కడున్నావని. వచ్చేశాగా.

లాలా ఇల్లు కొండ వాలు మీద. రోడ్డు నుంచి పంతొమ్మిది మెట్లెక్కాలి. పన్నెండూ పదికి కారు ఆపింది. మెట్ల మీద పక్కింటి ఇమెల్డా కూర్చుని ఉంది. ముసలావిడ, ఇంటి చెప్పులతోనే ఉంది. కారు చూసి లేచింది గానీ దిగి రాలేదు. కూకా పుచ్చకాయ చంకన పెట్టుకుని నాలుగు మెట్లెక్కి ఆగిపోయింది.

"నాలుగుసార్లు చేశానమ్మా నీకు," అంది ఇమెల్డా.

"కొండల్లో ఉన్నాను."

ఇమెల్డా తలూపింది. పదిన్నర ప్రాంతంలో లాలా ఇంట్లో రేడియో గట్టిగా మోగుతుంటే, తగ్గించమని చెప్దామని వెళ్లిందట. వంటింట్లో కుర్చీలోనే ఉందట. తల గోడకి ఆనించి, నిద్రపోయినట్టే. అంబులెన్స్ వాళ్లు వచ్చి చాలాసేపు చేశారట. ఆసుపత్రికి తీసుకెళ్లారట.

"దారిలోనే అయిపోయింది, కూకా. బాధపడలేదన్నారు. నీకోసం ఎదురుచూస్తున్నారక్కడ."

కూకా ఏడవలేదు. పుచ్చకాయని మెట్టు మీద, దొర్లకుండా గోడవారకి జరిపి పెట్టింది. తర్వాత ఏదో మరిచిపోయినట్టు వెనక్కి కారు దగ్గరికి దిగి తలుపు తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. కళ్లు వాటంతటవే స్టీరింగ్ వెనక మైళ్లు చూపే అంకెల మీదికి పోయాయి. పొద్దుట్నుంచి రెండువందల అయిదు. ఇంకా నలభై అయిదు తక్కువ. ఆ లెక్క ఆమె వెయ్యలేదు. ఎవరో లోపల కూర్చుని వేసి చెప్పారు. పచ్చదీపం వెలుగుతోంది. కూకా తలుపు మూసి, కారుకి వీపు ఆనించి నిలబడింది.

"ముందు ఇటొస్తే," అంది, "తొమ్మిదింబావుకి ఇక్కడుండేదాన్ని."

  ఇమెల్డా, ఆసుపత్రివాళ్లు లాలా గుర్తింపు కార్డు అడిగారని, వంటింటి సొరుగులో ఉంటుందని చెప్పి, తాను తెచ్చిపెట్టనా అని అడిగింది. వద్దు, నేనే తెస్తా అంది కూకా.

ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి వెళ్లింది. రేడియో ఎవరో కట్టేశారు. కుర్చీ గోడ దగ్గర నుంచి కొంచెం పక్కకి జరిగి ఉంది. అంబులెన్స్ వాళ్ల బూటు గుర్తులు నేల మీద, చిందిన పిండి మీద తెల్లగా పడ్డాయి. పొయ్యి మీద పెనం పెట్టి ఉంది గానీ వెలిగించలేదు. చెల్లెలు వస్తోందని లాలా గోధుమ రొట్టెలు మొదలుపెట్టినట్టుంది. అప్పడాల కర్ర లేకుండా, అరచేతుల మధ్య సాగదీసి మోచేతుల దాకా వచ్చేంత పల్చగా చేసే రొట్టెలు. అవి చెయ్యడానికి రెండు చేతులూ కావాలి. బల్ల మీద తడిగుడ్డ కప్పి తొమ్మిది పిండిముద్దలు వరసగా ఉన్నాయి. కూకా గుడ్డ తాకి చూసింది. ఇంకా చల్లగా ఉంది.

పదో ముద్ద గుడ్డ బయట, బల్ల అంచున ఉంది. సగం వత్తి వదిలేసిన ఆ పిండిలో ఒక్క కుడిచేతి నాలుగు వేళ్ల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి.